అప్‌డేట్: బాండ్ నిలబడింది, తప్పు నాదే

కడపలో మా ఆఫీసు సర్వర్‌కి రెండు నెట్‌వర్క్ కేబుళ్లు కలిపి బాండ్ చేస్తే (అంటే ఒకే లింకుగా వాడితే) పింగ్ (కనెక్షన్ ఉందో లేదో చూసే పరీక్ష) ఒకటి వచ్చి ఒకటి పోతోందని అడిగాను కదా, దొరికింది. స్విచ్ వైపు ఎల్‌ఏసీపీ (కేబుళ్లను ఒకే లింకుగా కలపడానికి రెండు వైపులా మాట్లాడుకునే పద్ధతి) సరిగ్గానే ఉంది, సర్వర్ లినక్స్‌లో బాండ్ మోడ్ రాయకుండా వదిలేసింది నేనే. అలా వదిలితే అది మోడ్ 0, అంటే రౌండ్ రాబిన్ (ప్యాకెట్లను కేబుళ్ల మీద వంతులవారీగా పంపడం) తీసుకుంటుంది, స్విచ్ ఎదురుచూసే ఎల్‌ఏసీపీ ప్యాకెట్లు అసలు పంపదు, అందుకే స్విచ్ లాగ్‌లో ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) రెండు పోర్టుల మధ్య గెంతుతూ కనిపించింది. ఎల్‌ఏసీపీ వాడే మోడ్ 4 పెట్టాక రెండు కేబుళ్లూ ఒకే అగ్రిగేటర్ ఐడీలో, అంటే ఒకే గుంపులో చేరాయి.

అయినా వీలాన్ 20 (అదే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పలకలేదు, ఈ ఎండల్లో ఇంకో రెండు గంటలు టెన్షన్. చూస్తే స్విచ్‌లో పోర్ట్ ఛానెల్ (కలిపిన ఆ రెండు పోర్టులు) ట్రంక్ జాబితాలో, అంటే దాటనిచ్చే వీలాన్ల జాబితాలో, 20 లేనే లేదు! చేర్చగానే పింగ్ వచ్చింది. ఒక్క ఫైల్ కాపీ మాత్రం ఇప్పటికీ 1 గిగాబిట్ దాటదు, ఒక కనెక్షన్ ఒక కేబుల్ మీదే పోతుంది కాబట్టి అది మామూలే.