ఫిట్స్ మందుల గురించి మెడికల్ షాపువాళ్లకి ఎంత తెలుసు?

చిత్తూరు_అమ్మ:
మా అబ్బాయికి 14 ఏళ్లు. నాలుగేళ్లుగా ఫిట్స్‌కి కార్బమజెపిన్ సి.ఆర్. 200, పొద్దునొకటి రాత్రొకటి. మొన్న స్టాక్ లేదని షాపులో వేరే కంపెనీది ఇచ్చారు. "అదే మందమ్మా, అదే 200" అన్నారు. మూడో రోజు స్కూల్ నుంచి వచ్చి, బోర్డు మీద అక్షరాలు రెండ్రెండు కనిపిస్తున్నాయన్నాడు. స్ట్రిప్ తిప్పి చూస్తే సి.ఆర్. అనే లేదు! తిరుపతిలో ఈ మందులు బాగా తెలిసిన షాపు ఏది? జలుబు చేస్తే ఏ మందులు వేయకూడదు?

కొర్లగుంట_వాసి:
సి.ఆర్. మాత్ర మందుని మెల్లగా వదులుతుంది, మామూలుది ఒక్కసారిగా ఎక్కుతుంది. అందుకే అలా కనిపించింది. డాక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేయండి, మీ అంతట మీరు ఆపకండి. నాకు ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు కంపెనీ మార్చి ఇచ్చారు. మూడేళ్లుగా రాని ఫిట్స్ బస్టాండులో వచ్చింది. కళ్లు తెరిచేసరికి చేతిలో ఎవరిదో తాళాలగుత్తి.

పలమనేరు_టీచర్:
ఇనుము పట్టిస్తే తగ్గుతుందిగా?

కొర్లగుంట_వాసి:
తగ్గదు సార్. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి చాలు. ఐదు నిమిషాలు దాటితే 108కి చేయండి.

షాపు_22ఏళ్లు:
అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను డి.ఫార్మసీ. ఫిట్స్ మందుకి కంపెనీ మార్చి ఎప్పుడూ ఇవ్వలేదు. రాత్రి పదికి చీటీ లేకుండా వచ్చి "ఆ తెల్ల మాత్ర" అంటే మేమేం చేయాలి?

పలమనేరు_టీచర్:
ఇవ్వకూడదు. షెడ్యూల్ హెచ్ కదా, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు.

షాపు_22ఏళ్లు:
ఒక్కసారిగా మందు ఆగితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఆ రాత్రి ఎవరు చూస్తారు సార్?

కొర్లగుంట_వాసి:
అసలు కౌంటర్లో ఉండేది మీరా, డబ్బాలు సర్దే కుర్రాడా? చీటీ మీద మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 చట్టం. గోడకి సర్టిఫికెట్ తగిలిస్తే సరిపోదు.

షాపు_22ఏళ్లు:
నా షాపుకి వచ్చి చూసి మాట్లాడండి!

రేణిగుంట_అక్క:
నేను వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడేదాన్ని. గర్భంలో బిడ్డకి ప్రమాదమని నాకెవరూ చెప్పలేదు. ఒకరోజు కౌంటర్లో ఫార్మసిస్ట్ అమ్మాయి నల్లపూసలు చూసి, గొంతు తగ్గించి, "అక్కా, పిల్లల కోసం చూస్తున్నారా? ముందు డాక్టర్‌తో మాట్లాడండి, మాత్ర మాత్రం ఆపొద్దు" అంది. డాక్టర్ మందు మార్చారు. మా పాప ఇప్పుడు ఎల్‌కేజీ. ఆ అమ్మాయికి చేతులెత్తి మొక్కాలి.

చిత్తూరు_అమ్మ:
డాక్టర్ మళ్లీ సి.ఆర్. మొదలుపెట్టమన్నారు. వాడికి చూపు సరిగానే ఉంది. జలుబు సంగతి ఎవరూ చెప్పలేదు.

షాపు_22ఏళ్లు:
అమ్మా, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ పడితే కార్బమజెపిన్ రక్తంలో పెరిగిపోతుంది, మళ్లీ అక్షరాలు రెండవుతాయి. ఎవరు ఏ యాంటీబయాటిక్ రాసినా ముందు ఈ స్ట్రిప్ చూపించండి. ఖాళీదొకటి పర్సులోనే ఉంచుకోండి.