యూత్ మీటింగ్‌లో ఎప్పుడూ అదే ముగ్గురు ప్రార్థన చేస్తున్నారు, మిగతావాళ్ల నోరు ఎలా తెరిపించాలి?

శనివారం_కూడిక

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది చిన్న పట్టణంలోని సంఘం. శనివారం సాయంత్రం 5:30 నుంచి 7 దాకా యూత్ మీటింగ్. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఇరవై మంది వస్తారు. పాటలు గట్టిగా పాడతారు, బైబిల్ క్విజ్ అంటే ఎగబడతారు. ప్రార్థన అనగానే అదే ముగ్గురు లేస్తారు, పెద్దల ప్రార్థనల్లో విన్న మాటలే వరసగా అప్పజెబుతారు. మిగతావాళ్లు తల వంచుకుని ఆమేన్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. ప్రార్థన అంశాలు చెప్పమంటే అందరిదీ ఒకటే, ఎగ్జామ్స్.

ప్రేయర్ స్టేషన్లు, అంటే హాల్లో అక్కడక్కడా ఒక్కో వచనం, ఒక్కో చిన్న పని పెట్టి, పిల్లలు గుంపులుగా ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్తూ ప్రార్థించడం, పెడితే బాగుంటుందని విన్నాను. ప్రొజెక్టర్ లేదు. ఒక హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, చాపలు, నెలకు 500 రూపాయలు, అంతే. అబ్బాయిలు, అమ్మాయిలు చెరోవైపు కూర్చుంటారు. ఎంతసేపు, ఏయే సామాను, ఎక్కడ దెబ్బతింటుంది, వివరంగా చెప్పండి. పెద్దలు "ప్రార్థనలో ఈ ఆటలేంటి" అంటే ఏం చెప్పాలో కూడా.

దుడ్డుకర్ర

వందనాలు బ్రదర్. స్టేషన్లు మంచివే గానీ మొదటి నెలలోనే వద్దు. నోరు తెరవని పిల్లలు స్టేషన్ దగ్గర కూడా కార్డు చదివేసి ఊరుకుంటారు. ముందు అలవాటు కావలసింది నలుగురిలో ఒక్క వాక్యం ప్రార్థించడం.

అందుకు 136వ కీర్తన చాలు. అందులో 26 వచనాలు, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును" అని పల్లవి. 5 నుంచి 9 దాకా సృష్టి, 10 నుంచి ఐగుప్తు, ఎర్రసముద్రం, అరణ్యం, రాజుల సంగతి. 23వ వచనానికి వచ్చేసరికి "మనం" వస్తుంది. మొదటి 9 వచనాలు మీరు చదవండి, పల్లవి అందరూ అనాలి. అక్కడ ఆపి తలా ఒక పేపరు ముక్క ఇచ్చి, ఈ వారం తన జీవితంలో జరిగిన ఒక్క సంగతి ఒకే వాక్యంలో రాయమనండి. నాలుగు నిమిషాలు. తర్వాత ఒక్కొక్కరు తన వాక్యం చదవాలి, వెంటనే అందరూ పల్లవి. "మా నాన్నకు పని దొరికింది", "ఆయన కృప నిరంతరముండును." ఇరవై మందికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ప్రార్థన చేశామని చాలామంది అది అయిపోయాక గానీ గమనించరు. చివర 23 నుంచి 26 దాకా అందరూ కలిసి చదివి ముగించండి.

ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. వరస ప్రకారం అడిగితే తన వంతు దగ్గరపడే కొద్దీ పిల్లవాడి గుండె దడదడలాడుతుంది, పక్కవాళ్ల మాట చెవికెక్కదు. కాబట్టి ఒక చిన్న రాయో చెక్క సిలువో చేతులు మారనివ్వండి. చదవడం ఇష్టం లేకపోతే మాట్లాడకుండా పక్కవాళ్లకు ఇచ్చేస్తే చాలు, అప్పుడు కూడా అందరూ పల్లవి అనాలి. ఈ నియమం మొదలుపెట్టకముందే చెప్పండి. రెండోది, బాగా ప్రార్థించే ఆ ముగ్గురు. వాళ్లను చివర కూర్చోబెట్టండి. ముందు వాళ్లు చదివితే మిగతావాళ్లు తమ వాక్యాలు చాటుగా కొట్టేసి వాళ్లలాగే మళ్లీ రాస్తారు. ఒక్క వాక్యం అంటే వాళ్లకూ ఒక్క వాక్యమే.

రెండు మూడు వారాల తర్వాత 13వ కీర్తనకు వెళ్లండి. ఆరే వచనాలు. 1, 2 ఫిర్యాదు, 3, 4 మనవి, 5, 6 నమ్మకం. పేపరును మూడు మడతలు పెట్టించి ఒక్కో భాగంలో వాళ్ల మాటల్లో రాయించండి. పన్నెండు నిమిషాలు ఇవ్వండి. "ఎన్నాళ్ల వరకు" అని దేవుణ్ణి అడగొచ్చని మన పిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే అన్నీ ఎగ్జామ్స్ అయిపోతాయి. ఇంట్లో తాగుడు, అప్పు, క్లాసులో ఎగతాళి, ఇవన్నీ ఆ మొదటి మడతలోకి వస్తాయి. మూడో మడత ఖాళీగా వదిలేసిన వాళ్లను బలవంతం చేయొద్దు. కీర్తనకారుడు అక్కడికి చేరాడు, ఆ పిల్ల ఇంకా చేరలేదు, అంతే. వీటిని గట్టిగా చదివించొద్దు, ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి.

మీ సంఘంలో అందరూ ఒక్కసారే గొంతెత్తి ప్రార్థించే అలవాటు ఉంటే దాన్ని వదులుకోకండి. సిగ్గరి పిల్లలకు ఆ హోరే చాటు.

ఒలీవకొమ్మ

పై మాటతో ఏకీభవిస్తూనే స్టేషన్ల లెక్క చెబుతాను. ఇరవై మందికి నాలుగు స్టేషన్లు, గుంపుకు ఐదుగురు, ఒక్కోచోట 8 నిమిషాలు, మారడానికి ఒక నిమిషం. అంటే 36 నిమిషాలు. ముందు వివరించడానికి 7, చివర కలిసి ప్రార్థించడానికి 10. మొత్తం గంట లోపే. ఆ రోజు వాక్య బోధ వేరుగా పెట్టొద్దు, స్టేషన్లలోనే వాక్యం ఉంది. అబ్బాయిలు రెండు గుంపులు, అమ్మాయిలు రెండు గుంపులు చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. గుంపుకొక ఇంటర్ పిల్లవాడినో పిల్లనో వేయండి, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడదీయండి. తోబుట్టువు పక్కన ఉంటే ఎవరూ మనసులో మాట రాయరు.

మొదటిది హిజ్కియా ఉత్తరం. 2 రాజులు 19:14లో అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా మందిరానికి తీసుకెళ్లి యెహోవా ఎదుట పరిచాడు. పిల్లలు తమను భయపెడుతున్నది రాసి, మడవకుండా చాప మీద బోర్లా పరచాలి. కాగితంపై పేరు ఉండకూడదు.

రెండోది ఒప్పుకోలు, 1 యోహాను 1:9. స్టీలు పళ్లెంలో జల్లించి ఎండబెట్టిన ఇసుక, మందం ఒక సెంటీమీటరు మించకూడదు. పల్చగా ఉంటేనే వేలితో రాసినప్పుడు అడుగున పళ్లెం కనబడి అక్షరం తెలుస్తుంది. తడి ఇసుక ముద్ద కడుతుంది, చెరిపినా గీత పోదు. ఒక్క మాట రాయాలి, అరచేత్తో చదును చేయాలి. అక్కడితో ఆపితే పిల్లవాడు నేరభావంతో లేచి వెళ్తాడు. పళ్లెం పక్కన క్షమాపణ వాగ్దానం పెద్ద అక్షరాల్లో ఉండాలి, చదును చేశాక దాన్ని పైకి చదవాలి. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లు తొంగిచూడకుండా ఐదుగురికి ఐదు పళ్లేలు, ఎడం ఎడంగా.

మూడోది మీ ఊరి పటం. చార్ట్ మీద స్కెచ్ పెన్నుతో బడి, బస్టాండు, ఆసుపత్రి, కాలేజీ, కాలువ, కాలనీలు గీయండి. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో ఆ చోట ఒక స్టిక్కర్ చుక్క అంటించి ఇద్దరిద్దరుగా ప్రార్థించాలి. ఎక్కువ మాటలు పుట్టే స్టేషన్ ఇదే, కాబట్టి ఇసుక స్టేషన్‌కు దూరంగా గుమ్మం వైపు పెట్టండి.

నాలుగోది రాళ్లు, యెహోషువ 4. దేవుడు యొర్దాను దాటించినందుకు గుర్తుగా ఇశ్రాయేలీయులు నదిలోంచి రాళ్లు తెచ్చి నిలిపిన సంగతి. పిడికిట్లో పట్టే నున్నటి గులకరాళ్లు, మనిషికొకటి. దేవుడు దాటించిన ఒక సంగతిని ఒక మాటలో రాళ్ల మీద రాయడం. రాళ్లు ముందు రోజే కడిగి ఎండబెట్టాలి, దుమ్ము మీద మార్కర్ మొన మొద్దుబారి రెండో గుంపుకే ఆగిపోతుంది. పర్మనెంట్ మార్కర్లే వాడండి, స్కెచ్ పెన్ను రాతలు చెమట చేతులకే చెరిగిపోతాయి. ఆ రాళ్లు బుట్టలో దాచి, నెలా రెండు నెలలకు మళ్లీ బయటికి తీసి "ఈ రాయి ఏంటి" అని అడగండి. యెహోషువ చెప్పింది కూడా అదే, రేపు మీ పిల్లలు అడిగితే జవాబు చెప్పాలని.

ఇక దెబ్బతినే చోట్లు. ఒకటి సీలింగ్ ఫ్యాను. కాగితాలు ఎగురుతాయి, ఇసుక కళ్లలో పడుతుంది. ఆ మూల ఫ్యాను ఆపి కిటికీలు తీయండి, కాగితాలపై రాయి పెట్టండి. రెండోది, మూడే నిమిషాల్లో అయిపోయిందని కబుర్లు మొదలుపెట్టే గుంపు. కార్డు వెనక రెండో ప్రశ్న రాసి ఉంచండి, "ముందువైపు అయ్యాక తిప్పండి" అని కింద రాయండి. మూడు, భాష. ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగు బైబిల్ గ్రాంథికాన్ని కూడబలుక్కుని చదువుతారు, సిగ్గుపడి చదివినట్టు నటిస్తారు. కార్డు మీద నాలుగు వరుసలకు మించకుండా మాట్లాడే తెలుగులో రాయండి, గుంపులో పెద్దవాళ్లు రెండుసార్లు పైకి చదవాలి. నాలుగు, సంగీతం. మాటలున్న పాట పెడితే పిల్లలు దాంతోపాటు పాడతారు. కీబోర్డు మీద ఒకే స్వరం మెల్లగా మోగితే చాలు, కరెంటు పోతే నిశ్శబ్దమే మంచిది.

చివర ఉత్తరాలన్నీ పిల్లల ఎదుటే బకెట్ నీళ్లలో వేసి ముద్దగా పిసికేయండి. కాల్చొద్దు.

నెహెమ్యా_గోడ

ఉత్తరాల గురించే నేను చెప్పాలనుకున్నది. మొదలుపెట్టేముందు రెండు మాటలు సూటిగా చెప్పండి: "మీరు రాసింది ఎవరూ చదవరు. కానీ మీకు ఎవరైనా హాని చేస్తున్నా, మీకు మీరే హాని చేసుకోవాలనిపిస్తున్నా, నాకో అక్కకో నోటితో చెప్పండి, సహాయం చేయగల వాళ్లకు మేం చెబుతాం." రహస్యంగా ఉంచుతామని ఎప్పుడూ మాట ఇవ్వొద్దు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే, 19వ సెక్షన్ అదే చెబుతుంది. సంఘ పరువు అని లోపలే సర్దుబాటు చేయడం ఆ పిల్లకు అన్యాయం, చట్టం ఎదుట నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098. మనసు బాగోలేని వాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ రెండు నంబర్లు హాలు గోడ మీద ఎప్పుడూ ఉండాలి, ఆ ఒక్క రోజే కాదు.

వ్యక్తిగతంగా ప్రార్థన చేయాల్సి వస్తే నలుగురికీ కనబడే చోట, తలుపు తీసి, ఇద్దరు పెద్దవాళ్లు ఉండగా చేయండి. అమ్మాయిలకు ఒక సిస్టర్ తప్పనిసరి. తల మీద చేయి ఉంచేముందు అడగండి. ఫొటోలు, వీడియోలు వద్దు. కళ్లు తుడుచుకుంటున్న పిల్ల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో చూసిన వాళ్లు మళ్లీ నోరు విప్పరు.

కొవ్వొత్తులు పెట్టాలని చాలామందికి ఉంటుంది. చున్నీలు, ప్లాస్టిక్ కుర్చీలు, కాగితాలు ఉన్న చోట చిన్న బ్యాటరీ దీపాలు చాలు. నిజమైనవే కావాలంటే ఇసుక నింపిన బకెట్‌లో గుచ్చి, హాలు మధ్యలో ఒక్కచోటే, పక్కన నీళ్లతో ఒక పెద్దమనిషి. లైట్లు ఆర్పి, విషాద సంగీతం పెట్టి, ఏడిపించి ముందుకు పిలవడం మాత్రం చేయొద్దని బతిమాలుతున్నాను. ఆ వయసులో కన్నీళ్లు తేలిగ్గా వస్తాయి. మరునాడు అది దేవుడా, పాటా అని వాళ్లకే అనుమానం వస్తుంది.

శనివారం_కూడిక

చాలా చాలా కృతజ్ఞతలు. ముందు 136తోనే మొదలుపెడతాను. రెండు సందేహాలు మిగిలాయి. పరీక్షల నెలలో గంటసేపు కుదరదు, పది నిమిషాల్లో అయ్యేది ఏమైనా ఉందా? పెద్దల సంగతి ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ప్రార్థన నడక చేయొచ్చా?

దుడ్డుకర్ర

పది నిమిషాలకు, 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన కథోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన దిన పరిశీలన సరిపోతుంది. ఒక నిమిషం నిశ్శబ్దం. రెండు నిమిషాలు ఈ రోజులో మంచికి కృతజ్ఞత. మూడు నిమిషాలు పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజంతా గుర్తు చేసుకోవడం, ఎక్కడ దేవునికి దగ్గరగా ఉన్నాను, ఎక్కడ దూరమయ్యాను అని. రెండు నిమిషాలు క్షమాపణ. రెండు నిమిషాలు రేపటి కోసం, అక్కడ పరీక్ష దానంతటదే వస్తుంది. ఒక్కో మెట్టు మీరు పైకి చెప్పి వాచీ చూసుకోండి. మొదటిసారి నిమిషం నిశ్శబ్దానికే కిలకిలలు వస్తాయి, కసురుకోకండి. "నవ్వొస్తే నవ్వేసి మళ్లీ మొదలుపెట్టండి" అని ముందే చెబితే తొందరగా సద్దుమణుగుతుంది.

ఒలీవకొమ్మ

పెద్దలకు ముందు రోజే కార్డులు చూపించండి, వివరణ కన్నా అవే ఎక్కువ పని చేస్తాయి. ప్రతి కార్డు పైన వచనం ఉంటుంది కాబట్టి ఉత్తరం హిజ్కియాదని, రాళ్లు యెహోషువవని వాళ్లే చెబుతారు. ఒక పెద్దను పటం స్టేషన్ దగ్గర కూర్చోమని అడగండి, ఊరి గురించి పిల్లలకు తెలియని అవసరాలు ఆయనకు తెలుసు. ముగింపు ప్రభువు ప్రార్థనతో, ఆశీర్వాదం పాస్టర్ గారితో.

నడకకు నెహెమ్యా 2:11 నుంచి 16 ఆధారం. అతను రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా కొద్దిమందితో యెరూషలేము కూలిన గోడలు చూసి వచ్చాడు. మీరూ అలాగే హడావిడి లేకుండా, కానీ పగటిపూటే, నలుగురైదుగురు చొప్పున, గుంపుకొక పెద్దవాళ్లు, కిలోమీటరున్నర దారి, చీకటి పడకముందే తిరిగి రావాలి. కళ్లు తెరిచి, నడుస్తూ, మనసులోనే. బడి గేటు దగ్గర, ఆసుపత్రి దగ్గర, బస్టాండులో ఒక్కో నిమిషం ఆగితే చాలు. కరపత్రాలు, మైకు, వీడియో వద్దు. వేరే మతస్థుల గుడి ముందో మసీదు ముందో ఆగొద్దు, ఎవరి ఇంటి వైపూ చేయి చూపించొద్దు. పొరుగువాళ్ల మేలు కోరే ప్రార్థన వాళ్లకు బెదిరింపులా కనబడకూడదు. తల్లిదండ్రుల అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. తిరిగొచ్చాక మజ్జిగ ఇచ్చి, "ఇంతకుముందు చూడనిది ఈరోజు ఏం చూశావు" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ జవాబులు మీ పటం చార్ట్ మీద రాసిపెట్టండి, వచ్చే నెల ప్రార్థన అంశాలు అవే.