ఈ-సిగరెట్ ట్యాంక్ కారుతోంది, 'చెక్ అటామైజర్' అని వస్తోంది. మోడ్ (బ్యాటరీ ఉండే భాగం) పోయినట్టేనా?

ప్రశ్న:
సిగరెట్ మానేయాలని వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు, మారాను. ఇప్పుడు ఇదే మొరాయిస్తోంది. రాత్రి ట్యాంక్ నింపి పెడితే తెల్లారేసరికి కింద గాలి రంధ్రాల చుట్టూ లిక్విడ్ జిగురుగా చేరుతోంది. బటన్ నొక్కితే స్క్రీన్ మీద 'చెక్ అటామైజర్' అని, అంటే ట్యాంక్ మోడ్‌కి సరిగ్గా అందట్లేదని వస్తోంది. ట్యాంక్‌ని ఇంకాస్త బిగిస్తే కాసేపు పనిచేస్తుంది, మళ్లీ మామూలే. లిక్విడ్‌ని వేడి చేసే కాయిల్ కొత్తది వేశాను, 0.5 ఓమ్‌ది. అయినా తేడా లేదు. మోడ్ మార్చాలా, ట్యాంక్ మార్చాలా?

జవాబు:
ఇప్పుడే ఏదీ కొనకండి. మీవి రెండు సమస్యలు కావు, ఒకటే అనిపిస్తోంది. కారిన లిక్విడ్ ట్యాంక్ అడుగు నుంచి మోడ్ మీద ట్యాంక్ బిగించే గుంటలోకి (దీన్ని 510 అంటారు) దిగుతుంది. అక్కడ మధ్యలో ఉండే పిన్ను పాజిటివ్, చుట్టూ ఉన్న మర నెగటివ్. పిన్ను మీద జిడ్డు పేరుకుంటే కరెంటు సరిగ్గా అందదు. చాలా మోడ్‌లలో ఆ పిన్ను కింద స్ప్రింగు ఉంటుంది, అది జిగురు పట్టి కిందే ఉండిపోతుంది. అందుకే మీరు బిగించినప్పుడు కాసేపు అందుతోంది. కానీ అలా బిగించొద్దండీ, పిన్ను ఇంకా లోపలికి దిగిపోతుంది. వేళ్లతో తిప్పి, ఆగిన చోట వదిలేయండి.

బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో గుంట, పిన్ను, ట్యాంక్ అడుగు తుడవండి. పూర్తిగా ఆరాకే బ్యాటరీ పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
బడ్ గోధుమ రంగుకి తిరిగింది! ఇప్పుడు స్క్రీన్ మీద 0.52 ఓమ్ చూపిస్తోంది. చాలా థాంక్స్ అండీ. కానీ కారడం ఆగలేదు.

మరో జవాబు:
ముందు పైమూత రబ్బరు రింగు చూడండి. ట్యాంక్‌లో లిక్విడ్ కిందికి జారకుండా ఆపేది లోపలుండే కొద్దిపాటి వాక్యూమే. రింగు మెలిపడినా, చిట్లినా పైనుంచి గాలి దూరి, లిక్విడ్‌ని కాయిల్ గుండా కిందికి తోస్తుంది. కాయిల్ అడుగున మర పూర్తిగా ఎక్కిందో లేదో కూడా చూడండి.

తర్వాత నింపే తీరు. గాలి రంధ్రాలు మూసి నింపండి, మధ్య గొట్టంలో చుక్క పడకూడదు, పైన కాస్త గాలి వదలండి. మూత పెట్టాక ట్యాంక్‌ని తలకిందులు చేసి, అప్పుడు రంధ్రాలు తెరవండి. పీల్చేటప్పుడు గుడగుడ వినిపిస్తే కాయిల్‌లో లిక్విడ్ నిండిపోయినట్టే. ట్యాంక్‌ని మోడ్ నుంచి విప్పి, అడుగున టిష్యూ పట్టి, మౌత్‌పీస్‌లోంచి ఊదండి. చేతికి అంటితే వెంటనే కడుక్కోండి, నికోటిన్ చర్మంలోంచి లోపలికి వెళ్తుంది. పిల్లలున్న ఇల్లయితే ఆ టిష్యూని కూడా వాళ్లకు అందనివ్వొద్దు.

ఇంతకీ మీ లిక్విడ్‌లో వీజీ (చిక్కదనం ఇచ్చే వెజిటబుల్ గ్లిజరిన్) ఎంత?

ప్రశ్న అడిగినవారు:
రింగు బాగానే ఉంది, కాయిల్ కూడా బిగుతుగానే ఉంది. సీసా మీద 50/50 అని ఉంది, అంటే వీజీ సగమే.

మరో జవాబు:
అయితే అదే కారణం అయ్యుండొచ్చు. 0.5 ఓమ్ కాయిల్‌కి లోపలి దూదికి లిక్విడ్ అందే రంధ్రాలు పెద్దవి, పల్చటి లిక్విడ్ వాటిలో నిలవదు. 50/50 సాధారణంగా 1 ఓమ్ దాటిన కాయిల్స్‌కి సరిపోతుంది. మీ దానికి వీజీ 70 శాతం ఉన్నది వాడి చూడండి. కొత్త కాయిల్ వేస్తే దూది మీద కొన్ని చుక్కలు వేసి, ట్యాంక్ నింపి, ఓ పది నిమిషాలు ఆగాకే బటన్ నొక్కండి. వాట్లు కాయిల్ మీద రాసిన పరిధి కంటే తక్కువ పెట్టినా కారుతుంది, అది కూడా ఓసారి సరిచూసుకోండి.