ఒక కన్ను పోయాక కాలవ గట్టు మీద మళ్లీ కారు నడపొచ్చా?

వశిష్ట_ఒడ్డు:
మా మేనమామ గారికి 58. నీటికాసులతో (గ్లకోమా) కుడి కంటి చూపు పూర్తిగా పోయింది. ఎడమ కన్ను అద్దాలతో 6/9, అంటే దూరపు చూపు దాదాపు మామూలే. కారు లైసెన్సు 20 ఏళ్ల నాటిది. ఏడాదిగా కారు తియ్యలేదు. రాజోలు, అమలాపురం వెళ్లిరావాలి, ఊళ్లోంచి మెయిన్ రోడ్డు దాకా కాలవ గట్టే దారి. మళ్లీ మొదలెట్టొచ్చా?

గట్టుమీది_కారు:
నిక్షేపంగా మొదలెట్టొచ్చండి. లైసెన్సు దరఖాస్తుతో మన ఆరోగ్యం గురించి రాసిచ్చే ఫారం 1 చదవండి. కనీసం 5 ఏళ్లు లైసెన్సు ఉన్నాక ఒక కన్ను పోతే, స్టీరింగు వైపు బయట అద్దం ఉన్న సొంత కారుకి రెండో కన్ను చాలు. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబరు ప్లేటు పోల్చుకోవాలి, అద్దాలు పెట్టుకునైనా సరే. టాక్సీ, లారీకి ఈ వెసులుబాటు లేదు. 40 దాటారు కాబట్టి డాక్టరు ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్టు, ఫారం 1ఏ కూడా కావాలి.

చూపుకొలత:
తొందరపడకండి. దెబ్బ తగిలి కన్ను పోవడం వేరు, నీటికాసులతో పోవడం వేరు. ఇది మామూలుగా రెండు కళ్లకీ వచ్చే జబ్బు. నంబరు ప్లేటు చదివేది నడిమి చూపు. నీటికాసులు ముందు తినేది పక్కచూపుని. పోయిన చోట నల్లగా కనబడదు, మెదడు అక్కడ రోడ్డునే పూరించేస్తుంది. గట్టు దిగి వచ్చే సైకిలు అసలు లేనట్టే ఉంటుంది. 6/9 చూసి మురిసిపోవద్దు, ఎడమ కంటికి పెరిమెట్రీ, అంటే పక్కచూపు ఎంతవరకు ఉందో కొలిచే పరీక్ష, చేయించండి.

గట్టుమీది_కారు:
ఫారంలో పెరిమెట్రీ అని ఎక్కడుందండీ? 25 మీటర్లు అని ఉంది.

లాకుల_వీధి:
రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన రోజుల్లో రెండు కళ్లున్నోడికే దారి ఉండదు.

చూపుకొలత:
25 మీటర్లే పట్టుకున్నారు కాబట్టి ఆ లెక్కే చూద్దాం. 40 కిలోమీటర్ల వేగంలో ఒకటిన్నర సెకను ఆలోచనకే 17 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద బ్రేకుకి ఇంకో 9. మొత్తం 26. 60లో అయితే 45. అదీ గేదెని చూశాకే. చూపు ఒక పక్క లేనివాడికి చూడ్డమే ఆలస్యం.

కుడి కన్ను లేకపోతే ముక్కు అడ్డొచ్చి కుడివైపు 60 డిగ్రీల దాకే కనబడుతుంది. మన స్టీరింగు కుడిపక్క, ముందు గాజు అద్దం పక్కనుండే స్తంభం కూడా అటే. మలుపులో గడ్డం భుజం దాకా తిప్పాల్సిందే. కొబ్బరి చెట్ల కింద ఎండా నీడా చారలు, సాయంత్రం పడమటి ఎండ, తెల్లవారుజాము మంచు ఇంకా కష్టం.

గట్టుమీది_కారు:
ఇన్ని చెప్పేది తాళాలు దాచేసే మేనల్లుళ్లకి సాకు ఇవ్వడానికి. బస్సు కోసం మనిషి రోడ్డు మీద నిలబడాలి, ఆస్పత్రికి వెళ్లాలంటే ఒకడి తీరిక కోసం చూడాలి. అది మీకు కొలతల్లో దొరకదు.

వశిష్ట_ఒడ్డు:
మాట మర్యాదగా రానివ్వండి. తాళాలు నా దగ్గరున్న మాట నిజమే. భయమేసి తీసుకున్నాను.

గట్టుమీది_కారు:
ఆయన్ని అడిగే తీసుకున్నారా? నా గొడవంతా అక్కడేనండీ. పరీక్ష వద్దనను. ఆ కాగితం మీ చేతికొస్తే తాళాలు మళ్లీ ఆయన దగ్గరకి రావు.

చూపుకొలత:
ఈ మాట మొదట్లోనే అనాల్సింది. కాగితం ఆయన చేతికే ఇవ్వండి, డాక్టరు ఆయనతోనే మాట్లాడాలి. మొదటిసారి పరీక్ష చాలామందికి సరిగ్గా రాదు, అలవాటు లేక. బాగాలేదంటే ఇంకోసారి చేయించాకే నమ్మండి. కానీ రెండుసార్లూ ఎడమ కన్ను పక్కచూపు పోయిందని వస్తే, తాళాలు ఎవరి దగ్గరున్నా కారు తియ్యకూడదు. ఇక్కడ నేను తగ్గను.

బాగుందంటే ఖాళీ కళ్లంలో మొదలెట్టండి. రెండు డబ్బాలు పెట్టి, బంపరుకి మీటరు దూరంలో ఆపి, దిగి టేపుతో కొలవాలి. ఒంటి కంటికి దగ్గరి దూరాలే తప్పుతాయి, రివర్సులో మరీను. ఆ తప్పు జానెడుకి వచ్చాక పగటిపూట గట్టు మీద 30లో, పక్కన మనిషితో. రాత్రి వద్దు.

వశిష్ట_ఒడ్డు:
పెరిమెట్రీకి ఆయన్నే రోజు చెప్పమన్నాను. కుడి అద్దం మీద గుండ్రటి చిన్న అద్దం అతికిస్తే పనికొస్తుందా?

గట్టుమీది_కారు:
వస్తుంది. బయటి మూలకి, కిందికి అతికించండి. అందులో బండ్లు ఉన్నదానికంటే దూరంగా కనబడతాయి. బండి ఉందో లేదో దానిలో చూడాలి, ఎంత దూరమో పెద్ద అద్దంలో చూడాలి.