"వుయ్" అంటే మనమా, మేమా? గేమ్ ట్రాన్స్‌లేషన్‌లో ఇరుక్కుపోయా

నైట్‌షిఫ్ట్_నాని:
అన్నలూ అక్కలూ చిన్న డౌట్. కూకట్‌పల్లిలో మా ఫ్రెండ్స్ ఇద్దరు ఒక స్టోరీ గేమ్ చేస్తున్నారు, ఇంగ్లీష్ డైలాగులు తెలుగులోకి మార్చే పని నాది, ఇచ్చింది ఒట్టి ఎక్సెల్ షీట్, ఎవరు ఎవరితో అంటున్నారో కూడా ఉండదు అందులో. దారి చూపించే ముసలాయన "వుయ్ లీవ్ బిఫోర్ డాన్" అంటాడు. నేను "తెల్లారేలోపు మనం బయల్దేరదాం" అని కొట్టేశా. టెస్టింగ్‌కి మా తమ్ముడికిస్తే మూడో చాప్టర్‌లో కంట్రోలర్ పక్కన పడేసి "నీ ముసలోడు ఒట్టి అబద్ధాలకోరు రా" అన్నాడు. తీరా చూస్తే ఆయన తన వాళ్ళని తీసుకుని హీరోని అక్కడే వదిలేసి పోతాడు! అంటే అది "మేము". కానీ "మేము" అని పెడితే ట్విస్ట్ అక్కడే తెలిసిపోతుంది కదా, ఏం చెయ్యమంటారు

విభక్తి_విక్రమార్క:
ఆ "మనం" పీకెయ్ ముందు. "తెల్లారేలోపు బయల్దేరతాం" చాలు, మేము అయినా మనం అయినా చివర "తాం"యే కదా. హీరో తననీ కలుపుకున్నాడనుకుంటాడు, రెండోసారి ఆడినవాడికి గుండె గతుక్కుమంటుంది. "బయల్దేరదాం" మాత్రం వద్దు, అది రమ్మని పిలిచినట్టే. త బదులు ద పడిందా, ముసలాయన మళ్ళీ అబద్ధాలకోరే.

మస్తు_గేమర్:
మా దిక్కు "పొద్దు పొడవకముందే పోతం" అంటం, అది గూడ గట్లనే నడుస్తది. వెన్నుపోటు అంటే యాదికొచ్చింది, జీరో వింగ్ తెలుసు కదా, పాత జపాన్ గేమ్, అండ్ల విలన్ "ఆల్ యువర్ బేస్ ఆర్ బిలాంగ్ టు అస్" అంటడు, నెట్‌ల అందరు నవ్విన లైన్. జపనీస్ల "ఫెడరేషన్ ప్రభుత్వ సైన్యం సహకారంతో మీ స్థావరాలన్నీ మావైనయ్" అన్నట్టుంటది. అంటే మన సర్కారోళ్ళే అమ్ముడుపోయిన్రన్న మాట! ఇంగ్లీష్ల ఆ ముక్క ఎగిరిపాయె, గ్రామర్ జూసి నవ్వుడే మిగిలింది.

పాత_క్యాసెట్:
స్ట్రీట్ ఫైటర్ 2 (1991) అనే ఫైటింగ్ గేమ్ ఇంకా ఘోరం. అందులో ర్యూ అనే ఫైటర్ గెలిచాక జపనీస్‌లో చెప్పేది "షోర్యూకెన్‌ని ఛేదించనిదే నువ్వు గెలవలేవు" అని, అది వాడి పంచ్ పేరు. ఆ పేరులోని అక్షరాల్ని ఎవరో చైనీస్ ఉచ్చారణలో చదివి "షెంగ్ లాంగ్‌ని ఓడించు" అన్నట్టు పెట్టారు, జనం అదెవరో మనిషనుకుని వెతకడం మొదలెట్టారు, 1992 ఏప్రిల్ ఫూల్‌కి ఒక అమెరికన్ మ్యాగజైన్ వాడిని బయటికి రప్పించే ట్రిక్ కూడా అచ్చేసింది, పాపం ఎంతమంది పిల్లల కాయిన్లు పోయాయో! అందుకే నాని, షీట్‌లో ఒక్క కాలమ్ ఎక్కువ అడుగు: ఎవరు, ఎవరితో, ఎక్కడ.

నైట్‌షిఫ్ట్_నాని:
"మనం" తీసేశా, తమ్ముడు ఈసారి అబద్ధం అనలేదు, "దొంగ ముసలోడు" అన్నాడు, అది ఓకే. ఇంకోటి, ముసుగు వేసుకున్న క్యారెక్టర్ ఉంది, ఆడో మగో తెలియకుండా ఇంగ్లీష్‌లో "దే" అని దాచారు. "వచ్చాడు" అన్నా "వచ్చింది" అన్నా దొరికిపోతాం.

విభక్తి_విక్రమార్క:
"వచ్చారు" అను, మర్యాదా దక్కుతుంది గుట్టూ దాగుతుంది. కాకపోతే శత్రువులు కూడా ఆ మనిషిని "మీరు" అంటే కామెడీ అవుద్ది, వాళ్ళ డైలాగుల్లో "ఆ ముసుగు ఎక్కడ" లాంటివి వాడు. ముందు అసలు మనిషేనా కాదా కనుక్కో.

నైట్‌షిఫ్ట్_నాని:
ఇప్పుడే అడిగా. మనిషి కాదంట 🤦