పాత ఫ్యాక్టరీ మూతపడింది, ఇప్పుడు రిఫరెన్స్ ఎవరినడగాలి?

గుజ్జుల్యాబ్:
అందరికీ నమస్తే. 2009 నుంచి 2013 దాకా చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ కెమిస్టుగా చేశాను. రిఫ్రాక్టోమీటర్ మీద గుజ్జు చుక్క వేసి బ్రిక్స్ (అంటే తీపి ఎంతుందో) చూడటం, తోతాపురికి 14 కంటే తగ్గితే ప్రొడక్షన్ వాళ్లతో గొడవ పడటం, సీజనంతా అదే పని. తర్వాత పెళ్లి, పిల్లలు, పదేళ్లకు పైగా ఇంట్లోనే. ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫుడ్ కంపెనీ ఇంటర్వ్యూ గట్టెక్కాను కానీ, పాత కంపెనీలో ఇద్దరి రిఫరెన్స్ కావాలి, అదీ కంపెనీ మెయిల్ నుంచే రావాలి అంటున్నారు. ఆ ఫ్యాక్టరీ చేతులు మారి, తర్వాత మూతపడింది. గేటుకి తాళం, లోపలంతా కంపచెట్లు, మెయిల్ ఎక్కడి నుంచి వస్తుంది? మానేసేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం "రేపు రామ్మా" అని మూడుసార్లు తిప్పితే విసిగి వదిలేశాను. చేతిలో రెండు పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ జిరాక్స్ ఉన్నాయి. వారం టైమిచ్చారు. టెన్షన్‌తో నిద్ర లేదు.

రేణిగుంటతమ్ముడు:
అక్కా, నేను హెచ్‌ఆర్‌లోనే పనిచేస్తా. ముందు వాళ్లకి "కంపెనీ మూతపడింది" అని మెయిల్ పెట్టెయ్, దాచొద్దు. మాకు కావాల్సింది రెండు: నువ్వు అక్కడ నిజంగా చేశావా, ఎలా చేశావు. మొదటిదానికి కాగితాలు చాలు. పే స్లిప్‌లో పీఎఫ్ నంబరు ఉంటుంది చూడు. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) వచ్చింది 2014లో, నువ్వు అంతకు ముందే మానేశావు కాబట్టి ఆ పాత నంబరే ఆధారం. పీఎఫ్ డబ్బులు తీసేసుంటే, అవి జమ అయిన పాస్‌బుక్ పేజీ వెతుకు. జీతం పడిన ఎంట్రీలు కూడా. ఫారం 26ఏఎస్ (మన పేరు మీద కోసిన ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క) చూడమని కొందరంటారు, టీడీఎస్, అంటే ఆ ట్యాక్స్ కోసే జీతం కాకపోతే అందులో ఏమీ దొరకదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎంసీఏ (కంపెనీల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ) సైట్‌లో కంపెనీ ప్రస్తుత స్థితి, డైరెక్టర్ల పేర్లు ఉంటాయి, అదీ జత చెయ్. ఇంకోటి, ఫ్యాక్టరీ ఉన్న మండలం 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లిందేమో చూసుకో. పాత కాగితంలో చిత్తూరు, ఫారంలో తిరుపతి అని ఉంటే వెరిఫికేషన్ వాళ్లు అక్కడే ఆగిపోతారు, మా దగ్గరే జరిగింది.

పాకాలపెద్దాయన:
అమ్మా, నేను రిటైరైన ప్లాంటు మేనేజర్ని. పన్నెండేళ్ల తర్వాత ఒకబ్బాయి ఫోన్ చేసి "సార్, రేపు మీకు కాల్ వస్తుంది, కొంచెం మంచిగా చెప్పండి" అన్నాడు. ముఖం గుర్తుంది, ఏ సంవత్సరమో గుర్తులేదు. అవతలివాళ్లు తేదీలు అడిగితే నీళ్లు నమిలాను, పాపం వాడికి నష్టమేమో. అందుకని మీ సారు దొరికితే ముందు వాట్సాప్‌లో ఫోటో, చేరిన నెల, మానేసిన నెల, మీరిద్దరూ కలిసి చేసిన పని ఒకటి రాసి పంపు. తెలియని నంబరు మేము ఎత్తం, కాల్ ఏ నంబరు నుంచి వస్తుందో అదీ చెప్పు. మొహమాటపడొద్దు, పాతవాళ్లు గుర్తుపెట్టుకుని అడిగితే మాకు సంతోషమే.

కొర్లగుంటకుర్రోడు:
పాత లెటర్‌హెడ్ మీద లెటర్ కొట్టిస్తామని ఎవరైనా అంటే ఆ పక్కకి పోవద్దక్కా. మా రూమ్మేట్ అలాగే చేరాడు, నాలుగో నెలలో ఇంటికి పంపేశారు.

గుజ్జుల్యాబ్:
అందరికీ థాంక్స్. ఫ్యాక్టరీ ఎదురుగా కాటా నడిపే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. "ల్యాబు పాపవా!" అని గుర్తుపట్టి, మా క్యూసీ (క్వాలిటీ చూసే) సారు నంబరిచ్చాడు. సారు ఇప్పుడు దామలచెరువులో ఉన్నారు. పెద్దాయన చెప్పినట్టు తేదీలు, ఫోటో పంపితే పావుగంటలో ఆయనే ఫోన్ చేశారు, "ఆ రాత్రి 13 బ్రిక్స్ వచ్చిందని లైను ఆపించిన అమ్మాయివే కదా" అని. ఆ గొడవ నేనే మర్చిపోయాను. హెచ్‌ఆర్ వాళ్లు సారు సొంత మెయిల్‌కి ఒప్పుకున్నారు, పాస్‌బుక్ పేజీలు కూడా పంపాను. రెండో రిఫరెన్స్‌కి కాటా ఆయన పేరు ఇవ్వొచ్చా తమ్ముడూ?

రేణిగుంటతమ్ముడు:
వద్దక్కా, ఆయన కంపెనీ మనిషి కాదు కదా. స్టోర్స్‌లోనో అకౌంట్స్‌లోనో నీతో చేసినవాళ్లు ఎవరున్నారో మీ సారునే అడుగు.