బీఎస్సీ నర్సింగ్ కాలేజీలు చెప్పే ‘లక్ష్యం, విలువలు’ వార్డులో ఎంతవరకు కనిపిస్తాయి?

పరకాల_నాన్న:
మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్‌కు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవాలి. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ కాలేజీల బ్రోచర్లు తెచ్చుకుని చదివాను. అన్నింట్లో కరుణ, నైపుణ్యం, నైతికత, సమాజ సేవ అనే మాటలే ఉన్నాయి. ఫీజు, హాస్టల్ సంగతి నేను కనుక్కోగలను. ఈ మాటల్ని ఎవరు నిజంగా నేర్పుతున్నారో ఎట్లా తెలుస్తుంది? చదివినవాళ్లు, చదువు చెప్పినవాళ్లు మీ అనుభవం రాయండి.

ములుగు_సిస్టర్:
అన్నా, ఫస్టియర్ పిల్లలు వార్డుకు పోయినప్పుడు వాళ్ల పక్కన ఎవరు నిలబడుతున్నారో చూడండి. సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

నేను చదివినప్పుడు మాకు ఒక మేడమ్ ఉండేవారు. మంచం మీదున్న అవ్వకు స్పాంజ్ బాత్ ఇవ్వాలంటే ముందు స్క్రీన్ అడ్డం పెట్టించేవారు. స్క్రీన్ దొరకకపోతే ఇద్దరం దుప్పటి పట్టుకుని నిలబడేవాళ్లం. ‘అవ్వా, ఒళ్లు తుడుస్తాం, సరేనా?’ అని అడిగి, ఆమె ఊఁ అన్నాకే ముట్టుకోవాలి. అడగకుండా మొదలుపెడితే ఆపించి, మళ్లీ మొదటి నుంచి చేయించేవారు. బెడ్ నంబర్‌తో పిలవనిచ్చేవారు కాదు. పేరు అడిగి, కేస్ షీట్‌తో సరిచూసుకుంటేనే ఒకరి మందు ఇంకొకరికి పోకుండా ఉంటుంది. పేషెంట్‌కు ఇచ్చే గౌరవం, పేషెంట్ భద్రత రెండూ ఒకే పనిలో ఉన్నాయని నాకు అట్లా తెలిసింది.

ఆ మేడమ్ క్లాసులో విలువల మీద పెద్దగా ఉపన్యాసం ఇచ్చినట్టు గుర్తు లేదు. కానీ ఇప్పటికీ నేను డ్యూటీలో దుప్పటి ముట్టుకునే ముందు అడుగుతాను.

హన్మకొండ_మాజీ_ట్యూటర్:
ములుగు సిస్టర్ చెప్పింది నిజం. దానికి సిలబస్ వైపు నుంచి కొంత కలుపుతాను.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021-22 నుంచి బీఎస్సీ నర్సింగ్‌లో సెమిస్టర్ పద్ధతి తెచ్చింది. నాలుగేళ్లకు 8 సెమిస్టర్లు. నాలుగో సెమిస్టర్‌లో వృత్తి విలువలు, నైతికత కోసం ప్రత్యేకంగా ఒక సబ్జెక్టు ఉంది. ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్. పరీక్షకు కూర్చోవడానికి 80 శాతం హాజరు చాలు గానీ, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగులు, అంటే వార్డుల్లో చేసే శిక్షణ, 100 శాతం పూర్తి కావాలి. పేషెంట్ దగ్గర నేర్చుకోవాల్సింది పుస్తకంతో భర్తీ కాదు, అందుకే ఆ నిబంధన. దీన్ని కచ్చితంగా పాటించే కాలేజీకి తన లక్ష్యం మీద నమ్మకం ఉన్నట్టు లెక్క.

ఇంకొకటి. లాంప్ లైటింగ్ రోజు, అంటే కొత్త పిల్లలు దీపాలు వెలిగించే వేడుకలో, వాళ్లతో చేయించే నైటింగేల్ ప్రతిజ్ఞను 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రాశారు. ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు పెట్టారు గానీ ఆమె రాసింది కాదు. ఆ పాత ప్రతిజ్ఞలో డాక్టర్ పనికి విధేయంగా సాయపడతానన్న మాట ఉంది. ఇప్పటి నర్సుల నైతిక నియమావళి పేషెంట్ హక్కులకు, గోప్యతకు, ప్రతి మనిషి ప్రత్యేకతకు పెద్ద పీట వేస్తుంది. ఈ రెంటి మధ్య వచ్చిన మార్పు చాలా పెద్దది. కాబట్టి కాలేజీకి వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: డాక్టర్ రాసిన మోతాదు మీద అనుమానం వస్తే స్టూడెంట్ ఏం చేయాలి? ‘ఎదురు మాట్లాడకూడదు’ అనే జవాబు వస్తే అక్కడ చేర్పించకండి. ‘మందు ఇవ్వకుండా ఆగి, ట్యూటర్‌కు, ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చెప్పి, డాక్టర్‌ను మళ్లీ అడగాలి’ అంటే మీ అమ్మాయికి ధైర్యం కూడా నేర్పుతారు.

ఫైనలియర్_పిల్ల:
మేడమ్, మీరు ఇది రాసినందుకు థాంక్స్. మా కాలేజీ పేరు రాయలేను. లేబర్ రూమ్ పోస్టింగులో మేము దగ్గరుండి చేసిన కాన్పులు తక్కువ. చేసిన కేసులు రాసుకునే కేస్ బుక్‌లో మాత్రం అన్నీ చేసినట్టు రాయించారు. రాయకపోతే సంతకం పెట్టరు, ఇంటర్నల్ మార్కుల టెన్షన్. గేటు దగ్గర ‘నిజాయితీ’ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు చాలా బాధగా ఉంటుంది. రేపు నా చేతిలో ఒక తల్లి, బిడ్డ ఉంటారు కదా. పరకాల అంకుల్, మీరు తప్పకుండా సీనియర్ స్టూడెంట్లతో మాట్లాడండి, స్టాఫ్ లేనప్పుడు.

ములుగు_సిస్టర్:
చెల్లీ, ఇంటర్న్‌షిప్‌లో లేబర్ రూమ్ డ్యూటీ అడిగి వేయించుకో. నైట్ అయినా పర్వాలేదు. అక్కడి సీనియర్ సిస్టర్‌తో ‘నాకు చేయి తిరగలేదు, నేర్పండి’ అని సూటిగా చెప్పు. అట్లా అడిగిన పిల్లల్ని మేము ఎప్పుడూ కాదనలేదు.

ఏటూరునాగారం_ఏఎన్ఎం:
నేను ఏఎన్ఎం, అంటే ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తను, బీఎస్సీ చదవలేదు. కానీ కమ్యూనిటీ పోస్టింగుకు వచ్చే పిల్లల్ని ఊళ్లలో తిప్పేది నేనే. సమాజ సేవ అనే మాట నాకు కనిపించేది అక్కడ.

కొందరు వస్తూనే గర్భిణిని ‘ఇన్ని రోజులు ఎందుకు రాలేదు’ అని గద్దిస్తారు. వానాకాలం వాగు పొంగితే ఆమె ఎట్లా వస్తది? కాన్పు తేదీకి ముందే ఆమెను ఆసుపత్రి దగ్గరికి చేర్చుకోవాల్సిన బాధ్యత మనది. ఒక బ్యాచ్ పిల్లలు మాత్రం వచ్చే ముందే ఆశా దగ్గర కోయ భాషలో కొన్ని మాటలు నేర్చుకున్నారు. నొప్పి ఎక్కడ, కడుపులో బిడ్డ కదులుతోందా, ఏం తిన్నవ్ అని అడగడానికి. ఇండ్లలో ఆడవాళ్లు నవ్వి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఓ చిన్నామె కాళ్ల వాపు చూపించింది. అంతకుముందు నేను అడిగితే ఏం లేదన్నది. బీపీ చూస్తే ఎక్కువుంది, అదే రోజు ఆసుపత్రికి పంపించినం. మేడారం జాతర అప్పుడు లక్షల మంది వస్తారు, అప్పుడూ ఇట్లా మెత్తగా మాట్లాడే పిల్లలే అక్కరకొస్తారు. ఆ కాలేజీ ట్యూటర్ కూడా ఎండలో మాతో నడిచింది. జీపులో కూర్చుని అటెండెన్స్ తీసుకునేవాళ్లను కూడా చూసిన.

బ్రదర్_జర్మనీ:
మాది జమ్మికుంట. జర్మన్ నేర్చుకుని నర్సుగా జర్మనీకి వచ్చాను. చదువు చెప్పిన ఊరిని వదిలి పోవడం సేవా లక్ష్యానికి విరుద్ధమని మా సార్లు కొందరు అనేవారు. నేను ఒప్పుకోను. పర్మనెంట్ పోస్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే నర్సుకు, చాలీచాలని జీతంతో డబుల్ డ్యూటీ చేసే నర్సుకు సేవ గురించి చెప్పే ముందు వాళ్ల జీతం, విశ్రాంతి గురించి కూడా మాట్లాడాలి. ఆ మాట ఏ కాలేజీ లక్ష్యంలోనూ నేను చదవలేదు.

పరకాల_నాన్న:
అందరికీ పేరుపేరునా దండాలు. మాజీ ట్యూటర్ మేడమ్, కాలేజీకి పోతే తల్లిదండ్రులుగా మేము ఏ కాగితం చూపించమని అడగొచ్చు?

హన్మకొండ_మాజీ_ట్యూటర్:
క్లినికల్ రొటేషన్ ప్లాన్ అడగండి. ఏ బ్యాచ్ ఏ వారం ఏ వార్డులో, వాళ్లతో ఏ టీచర్ అనేది అందులో ఉంటుంది. పది మంది విద్యార్థులకు ఒక టీచర్ అనేది కౌన్సిల్ లెక్క, ప్లాన్‌లో టీచర్ల పేర్లు లెక్కపెడితే తెలిసిపోతుంది. సొంత ఆసుపత్రి ఉందా, పిల్లలు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి కూడా పోతారా, మానసిక వైద్యం పోస్టింగు ఎక్కడ అనేవి అడగండి. ఆ తర్వాత పొద్దున పూట ఆ వార్డుకు ఒకసారి వెళ్లి, ప్లాన్‌లో ఉన్న టీచర్ అక్కడ ఉన్నారో లేదో చూసుకుని ఆప్షన్ పెట్టండి.